ఓట్ల సంగతి వేరు, అరుపుల సంగతి వేరు

చి. పిల్లలందరికీ ఆశీస్సులు.

ఎక్కువగా ఐరోపా దేశాలు ఏటా ఒక్కో పాటతో పోటీపడే యూరోవిజన్ పాటల పోటీ వీడియోలు చూసి మీరు రెండు ప్రశ్నలు పంపారు. ఒక అమ్మాయి పాడుతుంటే హాల్లో అంతమంది "బూ" అని ఎందుకు అరుస్తున్నారు అన్నది మొదటిది. పక్కపక్క దేశాలు ఒకదానికొకటి ఓట్లు వేసుకుంటుంటే ఇక పోటీ ఎందుకు అన్నది రెండోది. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేసే విషయం కాదు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఓట్లలో పక్షపాతం ఉన్న మాట నిజమే కానీ, మీరు అనుకుంటున్నంత చెడ్డది కాదు. అరుపులు మాత్రం మీరు అనుకుంటున్నదానికంటే చెడ్డవి. వాటి వెనకున్న కోపం న్యాయమైనదే అయినా నా మాట ఇదే.

రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ అని ఐరోపా ప్రభుత్వ టీవీ, రేడియో సంస్థల సంఘం ఒకటుంది. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఏడు దేశాలతో ఈ పోటీ మొదలుపెట్టింది అదే. ఓటు మొదట జ్యూరీల, అంటే ఒక్కో దేశంలోని న్యాయనిర్ణేతల, చేతిలోనే ఉండేది. 1997లో ఐదు దేశాల్లో జనానికి ఫోన్ ఓటు ఇచ్చి చూశారు, మరుసటేడు దాదాపు అన్ని దేశాల్లోనూ పెట్టేశారు. తర్వాత జ్యూరీల ఓటూ, జనం ఓటూ రెండూ కలిపి లెక్కించే పద్ధతి వచ్చింది. ప్రతి దేశమూ తనకు నచ్చిన పది పాటలకు 1 నుంచి 8 దాకా, ఆ పైన 10, 12 పాయింట్లు ఇస్తుంది. సొంత దేశానికి మాత్రం వేసుకోకూడదు.

ఆ నియమంతోనే అసలు కథ మొదలవుతుంది. జర్మనీలో లక్షలాది టర్కీ కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. వాళ్లు ఉండేది జర్మనీలో, ఫోను జర్మనీది. కాబట్టి టర్కీ పాటకు ఓటు వేయడానికి నియమం అడ్డురాదు. టర్కీ పోటీలో ఉన్నన్నాళ్లూ జర్మనీ ప్రేక్షకులు ఆ దేశానికి దండిగా పాయింట్లు ఇచ్చారు. గ్రీసు, సైప్రస్ అయితే ఏళ్ల తరబడి పన్నెండుకు పన్నెండు ఇచ్చిపుచ్చుకున్నాయి. సైప్రస్ ప్రతినిధి తెరమీదకు రాగానే పన్నెండు ఎవరికో హాలంతటికీ ముందే తెలిసిపోయేది. భాష ఒకటి, రేడియోలో వినే గాయకులూ ఒకరే. అలాంటప్పుడు వాళ్ల చెవికి ఏ పాట ముందు సోకుతుంది చెప్పండి?

మనం మాత్రం తక్కువ తిన్నామా? 2010లో ఇండియన్ ఐడల్‌లో మన శ్రీరామచంద్ర పాడుతుంటే తెలుగువాళ్లు "మనవాడు, మనవాడు" అంటూ మెసేజ్‌లు పంపలేదా? అంతకుముందు 2007లో ప్రశాంత్ తమాంగ్ కోసం డార్జిలింగ్ కొండల్లో చందాలు పోగేసి మరీ ఓట్లు వేశారు. వాళ్లెవరికీ మిగతా గాయకుల మీద ద్వేషం లేదు. తమ ఊరి గొంతు టీవీలో వినబడిందన్న సంబరం, అంతే.

ఈ మాట నేను ఊరికే చెప్పడం లేదు. యూరోవిజన్ ఓట్ల మీద గణాంక శాస్త్రజ్ఞులు బోలెడు పరిశోధన చేశారు. 2014లో బ్లాంజార్డో, బయో అనే ఇద్దరు లెక్కలు కట్టి తేల్చింది ఏమిటంటే, కొన్ని దేశాల మధ్య కాస్త అనుకూల పక్షపాతం కనిపిస్తుంది, పనిగట్టుకుని ఒక దేశాన్ని తొక్కేసిన జాడ మాత్రం కనిపించదు. అంతకుముందు గిన్స్‌బర్గ్, నూరీ అనే ఇంకో ఇద్దరు, రాజకీయ ఒప్పందాల్లా కనబడేవాటి వెనక ఎక్కువగా ఉన్నది భాష, సంస్కృతుల దగ్గరితనమేనని చెప్పారు. ఇంకో తమాషా సంగతి కూడా ఈ లెక్కల్లో బయటపడింది. వరసలో చివర్లో పాడినవాళ్లకు మార్కులు కొంచెం ఎక్కువ పడతాయట. ఇందులో రాజకీయమేముంది, మనిషి జ్ఞాపకశక్తి అంతే.

"మాకెవరూ ఓటెయ్యరు, అంతా రాజకీయం" అని ఎక్కువగా వాపోయేది బ్రిటన్. 2021లో జ్యూరీల నుంచి సున్నా, జనం నుంచి సున్నా, మొత్తం కలిపి గుండు సున్నా వచ్చింది వాళ్లకు. సరిగ్గా మరుసటేడు శామ్ రైడర్ అనే కుర్రాణ్ని పంపితే 466 పాయింట్లతో రెండో స్థానం. ఏడాదిలో ఇరుగుపొరుగు దేశాలు మారిపోలేదు కదా! మంచి పాట వచ్చింది.

మీరు తప్పకుండా చూడాల్సిన పట్టిక ఒకటుంది, 2016 ఫైనల్‌ది. జ్యూరీ పాయింట్లు, జనం పాయింట్లు విడివిడిగా ప్రకటించడం ఆ ఏడాదే మొదలైంది. అప్పటికి రష్యా, యుక్రెయిన్‌లోని క్రిమియాను కలిపేసుకుని రెండేళ్లు. యుక్రెయిన్ తరఫున జమాలా పాడిన పాట 1944లో స్టాలిన్ క్రిమియా తాతారులను ఊళ్లు ఖాళీ చేయించి తరిమేసిన దారుణం గురించి. ఆమె ముత్తవ్వ అనుభవించిన కథ అది. ఆ రాత్రి యుక్రెయిన్ జ్యూరీ రష్యాకు సున్నా వేసింది, రష్యా జ్యూరీ యుక్రెయిన్‌కు సున్నా వేసింది. పక్క గడిలో జనం లెక్క చూడండి. యుక్రెయిన్ జనం రష్యా పాటకు 12 వేశారు. రష్యా జనం జమాలాకు 10 వేశారు. అంత పగ రగులుతున్న రోజుల్లో కూడా మామూలు మనుషులు ఫోన్ తీసి అవతలి వాళ్ల పాట బాగుందని చెప్పారు. నేనెన్ని పోటీలు చూసినా నన్ను ఇంతగా కదిలించిన అంకెలు ఇంకెక్కడా కనబడలేదు.

అలాగని ఓట్లలో అసలు తప్పే జరగలేదని అనను. 2022 సెమీఫైనల్లో ఆరు దేశాల జ్యూరీల ఓట్లు ఒకరినొకరు పైకి లేపుకున్నట్టు కనిపించడంతో నిర్వాహకులు ఆ ఓట్లను పక్కన పెట్టారు. అది అభిమానం కాదు, కూడబలుక్కోవడం. 2009లో జరిగింది మరీ ఘోరం. అజర్‌బైజాన్‌లో నలభై మూడు మంది శత్రుదేశమైన ఆర్మేనియా పాటకు ఓటేశారు. అధికారులు అందులో కొందరిని పిలిపించి "ఎందుకు వేశావు" అని నిలదీశారు. పాట నచ్చి ఫోన్ చేసిన మనిషిని ప్రభుత్వం సంజాయిషీ అడిగింది. దాని తర్వాతే, ఓటర్ల వివరాలు బయటికి పోతే టీవీ సంస్థలదే బాధ్యత అని నియమం మార్చారు.

ఇప్పటి గొడవ మాత్రం వేరే రకం. కొంచెం లెక్క వేయాలి, మీరు లెక్కల్లో చురుకే కదా. ఫైనల్లో 26 పాటలు అనుకోండి, సొంతది తీసేస్తే 25. ఒక చిన్న దేశంలో వెయ్యి ఓట్లు పడ్డాయనుకుందాం. సమానంగా చెదిరిపోతే పాటకు నలభై. ఒక పాటకు 120 ఓట్లు గుత్తగా పడితే అది పై వరసకు వెళ్లిపోతుంది. 2025 దాకా ఒక్కొక్కరు ఇరవై ఓట్లు వేయొచ్చు, కాబట్టి ఆ 120 ఓట్లకు ఆరుగురు చాలు. పాట కోసం కాకుండా దేశం కోసం పట్టుదలగా వేసే కొద్దిమందికి ఈ పద్ధతిలో పెద్ద బలం వస్తుంది. 2025లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో ఇజ్రాయెల్ గాయని యువల్ రఫాయెల్‌కు జ్యూరీలు 60 పాయింట్లే ఇస్తే జనం ఓట్లలో 297 వచ్చాయి, అందరికంటే ఎక్కువ. మొత్తం 357తో రెండో స్థానం. 436తో ఆస్ట్రియా గెలిచింది. ఓట్ల కోసం ఇజ్రాయెల్ ప్రభుత్వ సంస్థ ప్రకటనలు ఇచ్చిందని గొడవ లేచింది, స్పెయిన్ టీవీ సంస్థ లెక్కలు తనిఖీ చేయమంది. ఆ ఏడాది చివరికి నిర్వాహకులు ఇరవై ఓట్లను పదికి తగ్గించారు, ప్రభుత్వాల ప్రచారానికి పగ్గాలు వేస్తామన్నారు, సెమీఫైనల్స్‌కు జ్యూరీలను మళ్లీ తెచ్చారు. పదివరకు ఎందుకు, ఒక మనిషికి ఒక్క ఓటు చాలదా అని నాకనిపిస్తుంది. చూడండి, ఇదంతా నియమం మారిస్తే బాగుపడే జబ్బు.

ఇక అరుపుల సంగతి.

2014లో కోపెన్‌హాగన్‌లో రష్యా తరఫున ఇద్దరు కవల అక్కచెల్లెళ్లు పాడారు, తోల్మచోవా పిల్లలు. వాళ్లకు పదిహేడేళ్లు. తొమ్మిదేళ్ల వయసులో పిల్లల యూరోవిజన్ గెలిచినప్పుడు ఐరోపా అంతా ముద్దు చేసింది వీళ్లనే. కానీ 2014 మార్చిలో వాళ్ల దేశం క్రిమియాను ఆక్రమించింది, స్వలింగ సంపర్కుల మీద కొత్త చట్టం అంతకు ముందటేడే తెచ్చింది. హాల్లో జనం కోపం ఆ పిల్లల మీద పడింది. పాయింట్లు వచ్చిన ప్రతిసారీ బూ అన్నారు. క్రిమియాకు సైన్యాన్ని పంపింది ఆ పిల్లలా? అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

మరుసటేడు వియన్నాలో రష్యా తరఫున పొలీనా గగారినా పాడింది. శాంతి కావాలని పాట. ఓట్లలో ఆమె ముందుకు వెళ్తున్నకొద్దీ అరుపులు పెరిగాయి, ఆమె కళ్ల నీళ్లు పెట్టుకోవడం టీవీలో అందరూ చూశారు. రాజకీయాలను పాట దగ్గరికి తీసుకురావద్దని యాంకర్లు వేదిక మీద నుంచే బతిమాలాల్సి వచ్చింది. ఇంత జరిగినా ఆమె 303 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది. ఇక్కడ కూడా అదే చూడండి, హాల్లో ఉన్నవాళ్లు అరుస్తున్నారు, ఇళ్లలో ఉన్నవాళ్లు ఓటేస్తున్నారు.

నేను ఎన్నో ఏళ్లు స్కూల్లో పిల్లలకు పాటలు నేర్పినవాణ్ని కాబట్టి ఒక మాట చెప్తాను. ఎదురుగా గోల మొదలైతే పాడేవాళ్లకు ముందు దెబ్బ తినేది ఊపిరి. కడుపులోంచి రావలసిన గాలి ఛాతీలోకి ఎక్కేస్తుంది. పల్లవి మొదటి మాట శ్రుతికి కాస్త పైన పడుతుంది, అది సర్దుకునేలోపే రెండో పాదం వచ్చేస్తుంది. యూరోవిజన్‌లో పాటకు మూడు నిమిషాలే, గొంతు మాత్రం అక్కడికక్కడ పాడాల్సిందే. చెవిలో తమ పాట వినిపించే మానిటర్ పెట్టుకున్నా వేలమంది అరుపు లోపలికి రాకుండా ఉండదు. ఇందాక చెప్పిన యువల్ రఫాయెల్, 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌లో నోవా సంగీతోత్సవం మీద హమాస్ చేసిన దాడిలో ప్రాణాలతో బయటపడిన అమ్మాయి. బూ శబ్దాలు పెట్టించుకుని వాటి మధ్య పాడటం సాధన చేశానని ఆమే చెప్పింది. సరిగమలు సాధన చేసినట్టు తిట్లు వినడం సాధన చేయాల్సి రావడం ఎంత బాధాకరం!

2024లో స్వీడన్‌లోని మాల్మోలో ఇరవయ్యేళ్ల ఇజ్రాయెల్ గాయని ఈడెన్ గోలన్‌కూ ఇదే జరిగింది. ఇజ్రాయెల్ యుద్ధంలో గాజాలో వేలమంది, అందులో ఎందరో మీకంటే చిన్న పిల్లలు, చనిపోతున్నారని హాల్లోవాళ్లకు గుండె మండింది. ఆ మంటను నేను ఒక్క ముక్క కూడా తక్కువ చేయను. మాల్మో వీధుల్లో వేలమంది నడిచి నిరసన తెలిపారు, అది సరైన పద్ధతి. యుక్రెయిన్ మీద యుద్ధానికి దిగిందని రష్యాను 2022లో బయట పెట్టి ఇజ్రాయెల్‌ను ఎందుకు ఉంచారు అని అడిగారు, అది న్యాయమైన ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది నిర్వాహకులు. వాళ్లు తప్పించుకుని తిరుగుతుంటే, దొరికింది కదా అని మైకు ముందు నిలబడ్డ అమ్మాయిని పట్టుకోవడం న్యాయం అనిపించుకోదు. అదే రాత్రి ఓట్ల లెక్క సరిగ్గా ఉందని ప్రకటించడానికి తెరమీదకు వచ్చిన నిర్వహణాధికారి మార్టిన్ ఓస్టర్‌డాల్‌ను కూడా మాట వినబడనంతగా బూ అన్నారు. ఆయన అప్పట్లో నిర్ణయాలు తీసుకునే కుర్చీలో ఉన్న మనిషి. ఆ రెండు అరుపులనూ నేను ఒక గాటన కట్టను.

నిరసనను సరైన చోటికి చేర్చినవాళ్లు తర్వాత కనిపించారు. 2025 డిసెంబరులో ఇజ్రాయెల్‌ను కొనసాగించాలని పోటీ నడిపే ఆ టీవీ సంస్థల సంఘం నిర్ణయించగానే స్పెయిన్, నెదర్లాండ్స్, ఐర్లాండ్, స్లొవేనియా 2026 పోటీ నుంచి తప్పుకున్నాయి, కొన్నాళ్లకే ఐస్‌లాండ్ కూడా. వాళ్ల నిర్ణయం తప్పో ఒప్పో మీరు వాదించుకోండి. ఏ గాయకుడి పాటకూ అడ్డుపడకుండా, తమకు రావాల్సిన వేదికను వదులుకుని చెప్పారు. నాకు అది గౌరవంగా తోచింది.

మీరు అడగని సంగతి ఒకటి కూడా చెప్పాలి. 2015లో వియన్నాలో ఆస్ట్రియా టీవీ సంస్థ ఓఆర్‌ఎఫ్ టీవీ చూసేవాళ్లకు బూ వినబడకుండా శబ్దాన్ని సర్దింది. హాల్లో జనం గొంతు కోసం విడిగా మైకులుంటాయి. వాటిని తగ్గించి, చప్పట్లు కలిపితే మనకు ఇంట్లో అంతా సంతోషంగా ఉన్నట్టే వినిపిస్తుంది. ఇది నాకు అసలు నచ్చలేదు. అరవడం తప్పు అని నేనే అంటున్నాను, కానీ జరిగినదాన్ని జరగనట్టు వినిపించడం ఇంకో తప్పు. అదే ఓఆర్‌ఎఫ్, అదే వియన్నాలో 2026 పోటీ నిర్వహించే వంతు రాగానే, ఈసారి అరుపులను దాచిపెట్టం, ఉన్నదున్నట్టు వినిపిస్తాం అని 2025 డిసెంబరులోనే ప్రకటించింది. పదేళ్లలో వాళ్లు సరైన చోటికి వచ్చారు.

హాల్లో చప్పుడంటే ఎప్పుడూ ఇలాగే ఉంటుందని అనుకోకండి. 1993లో ఐర్లాండ్‌లోని మిల్‌స్ట్రీట్‌లో పోటీ జరిగినప్పుడు బోస్నియా రాజధాని సరయెవో ముట్టడిలో ఉంది. అక్కడి జ్యూరీ పాయింట్లు చెప్పడానికి ఫోన్ లైను కలవాలి. గరగర శబ్దం మధ్య ఆ గొంతు వినబడగానే, ఇంకా ఒక్క పాయింటూ చెప్పకముందే, హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ వీడియో దొరుకుతుంది, వెతికి చూడండి.

2023 నుంచి పోటీలో లేని దేశాలవాళ్లు కూడా ఆన్‌లైన్లో ఓటు వేయొచ్చు. అవన్నీ కలిపి ఒక దేశం ఓటుగా లెక్కిస్తారు. కార్డు కావాలి, డబ్బు కట్టాలి, కాబట్టి ముందు మీ నాన్నను అడగండి. వేసేముందు పాటలన్నీ ఒకసారి కళ్లు మూసుకుని, దేశం పేరు చూడకుండా వినండి. తర్వాత పట్టికలో జ్యూరీ గడి, జనం గడి విడివిడిగా చూసి, ఎక్కడ ఎక్కువ తేడా వచ్చిందో నాకు రాయండి. కారణం ఏమై ఉంటుందో కలిసి ఆలోచిద్దాం.

ఉంటాను,
మీ పెదనాన్న