మధ్యయుగపు చర్చి లోహ సామగ్రి తొలి ఫోటోలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: పాత ఫోటోలో నల్లగా ఉన్న చోట బంగారు పూత పోయినట్టే.

వాస్తవం: పాత ఫోటోల ఆధారంగా లోహ వస్తువుల స్థితిని అంచనా వేయడం నా వృత్తి. ఈ పొరపాటు తొలినాళ్లలో నేనూ చేశాను. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ వెల్లడించిన తడి కొలోడియన్ పద్ధతిలో (కొలోడియన్ అనే జిగట ద్రావణం పూసి, తడి ఆరకముందే ఫోటో తీసే పద్ధతి) గాజు పలక ప్రధానంగా నీలం, ఊదా, అతినీలలోహిత కాంతినే గ్రహిస్తుంది; పసుపు, ఎరుపు దానికి దాదాపు చీకటితో సమానం. అందువల్ల ఫ్రాన్స్‌లోని లిమోజ్‌లో 12, 13 శతాబ్దాల్లో తయారైన ఎనామెల్ పేటికను (లోహంపై రంగు గాజు పొడిని కరిగించి అలంకరించిన పెట్టెను) ఆ పలకపై ఫోటో తీస్తే, కంటికి ముదురుగా కనిపించే నీలం పాలిపోతుంది, మెరిసే బంగారు పూత నల్లబడుతుంది. అలాంటి పేటిక రంగుల ఫోటోను కంప్యూటర్‌లో తెరిచి, నీలం ఛానెల్‌ను, అంటే నీలి కాంతి నమోదైన భాగాన్ని మాత్రమే ఉంచి చూడండి: దేవదూతల బంగారు వస్త్రాలు మసి పూసినట్టు మారిపోతాయి, వారి వెనుక ఉన్న నీలం తెల్లవారుజాము ఆకాశంలా తేలిపోతుంది. 1873లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్ పలకకు అద్దకపు రంగులు కలిపి ఆకుపచ్చ కాంతిని కూడా పట్టవచ్చని కనుగొన్నాడు. ఎరుపు వరకు గ్రహించే పలకలు మార్కెట్లోకి రావడానికి 20వ శతాబ్దం రావలసి వచ్చింది.

అపోహ: కదలని వస్తువును ఫోటో తీయడం సులువు.

వాస్తవం: పలకకు ద్రావణం పూయడం, వెండి నైట్రేట్‌లో ముంచడం, కెమెరాలో పెట్టి తీయడం, డెవలప్ చేయడం, ఇవన్నీ అది ఆరిపోయే లోపే పూర్తి కావాలి. దానికి తోడు, నునుపైన లోహం ఎదురుగా ఉన్న ప్రతిదాన్నీ తనలో చూపిస్తుంది. తర్వాత లండన్ సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం (ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం) ఫోటోగ్రాఫర్ అయిన చార్లెస్ థర్స్టన్ థాంప్సన్ 1853లో తీసిన వెనీషియన్ అద్దం ఫోటోలో ఆయనా, ఆయన కెమెరా కూడా కనిపిస్తారు. ఇక 1861లో అదే మ్యూజియం కొన్న ఇంగ్లండ్‌లోని గ్లౌస్టర్‌కు చెందిన కొవ్వొత్తి స్తంభాన్ని ఊహించండి: 1107–1113 మధ్య మైనపు నమూనాను కరిగించి తీసేసి, ఆ అచ్చులో లోహం పోత పోసి చేసిన, దాదాపు అర మీటరు ఎత్తున్న ఆ స్తంభమంతా తీగల మధ్య మనుషులు, మృగాలు పెనుగులాడుతుంటారు. అటువంటి పనితనంలో ప్రతి వంపూ కిటికీ వెలుతురును ఒక తెల్లని చుక్కగా పట్టుకుంటుంది. ఆ చుక్కలను అరుగుదలగా లెక్కించకూడదు. కాంతి ఎటు నుంచి పడిందో చెప్పే గుర్తులవి.

అపోహ: ఫోటోలో ఉన్నది అసలు వస్తువే.

వాస్తవం: కాకపోవచ్చు. విద్యుత్తు సాయంతో అచ్చులో లోహాన్ని పేర్చి చేసే నకళ్లు ఆ కాలంలో విరివిగా తయారయ్యాయి. 1867లో పారిస్‌లో యూరప్ రాకుమారులు ఇలాంటి నకళ్లను దేశాల మధ్య ఇచ్చిపుచ్చుకునే ఒప్పందంపై సంతకాలు కూడా చేశారు. నకలు ముందువైపు అసలులాగే ఉంటుంది, తేడా ఎక్కువగా బయటపడేది వెనుకవైపే. ఫోటోలో మనకు దొరికేది మాత్రం ముందువైపే. అందుకే మ్యూజియం రిజిస్టర్‌లో ఆ వస్తువు నమోదు సంఖ్య సరిచూడనిదే నేను అభిప్రాయం రాయను.