ఊరు మారింది, పేరు మిగిలింది: వింబుల్డన్ – మిల్టన్ కీన్స్ తగవు

2017 సెప్టెంబరు 22న లండన్ నైరుతి కొసన ఉన్న కింగ్స్‌మెడో మైదానంలో ఒక మూడో శ్రేణి మ్యాచ్ జరిగింది. ఆ మ్యాచ్ ప్రోగ్రామ్ పుస్తకంలో అతిథిగా వచ్చిన మిల్టన్ కీన్స్ జట్టును ప్రస్తావించిన తీరు సరిగా లేదంటూ ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ ఆతిథ్య క్లబ్బుపై అభియోగం మోపింది. ఆటగాళ్లు కొట్టుకోలేదు, అభిమానులు కుర్చీలు విరగ్గొట్టలేదు, ఎవరూ జీతాలు ఎగ్గొట్టలేదు. ప్రత్యర్థి పేరులోని ఒక్క ముక్కను పలకడానికి, రాయడానికి ఏఎఫ్‌సీ వింబుల్డన్ ఇష్టపడకపోవడమే నేరం. ఆ ముక్క ‘డాన్స్’ (Dons). మరుసటి ఏడాది లీగ్ ఆ అభియోగాన్ని ఉపసంహరించుకుంది. తగవు మాత్రం తీరలేదు. ఈ రెండు జట్లకూ మ్యాచ్ పడిన ప్రతిసారీ స్కోరుబోర్డు మీద ఏం రాస్తారు, మైకులో ఏమని చదువుతారు అన్న ప్రశ్న ఆటకంటే ముందే మొదలవుతుంది.

మన పాఠకుల్లో చాలామందికి వింబుల్డన్ అంటే టెన్నిస్. ఫుట్‌బాల్ చూసేవారికైతే 1988 ఎఫ్‌ఏ కప్ ఫైనల్ గుర్తుంటుంది: లివర్‌పూల్ మీద 1–0, సాంచెజ్ గోలు, ఆల్‌డ్రిడ్జ్ పెనాల్టీని బీసెంట్ ఆపడం. ఆ కథ ఎందరో చెప్పారు, ఇక్కడ అవసరం లేదు. 1991లో ఆ క్లబ్బు ప్లౌ లేన్‌లోని సొంత మైదానాన్ని వదిలి క్రిస్టల్ ప్యాలెస్ వారి సెల్‌హర్స్ట్ పార్క్‌లో అద్దెకు చేరిందని, 1998లో ఆ పాత మైదానం స్థలం ఒక సూపర్‌మార్కెట్ కంపెనీకి అమ్ముడుపోయిందని తెలిస్తే చాలు. అప్పటి నుంచి వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్బుకు వింబుల్డన్‌లో అడుగు నేల లేదు.

ఈ తగవు గురించి రాసేవారందరూ 2002 మే 28 దగ్గర ఆగిపోతారు. లండన్ నుంచి సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు క్లబ్బును తరలించడానికి అనుమతి వచ్చిన రోజది. అది పెద్ద గాయమే, కాదనలేం. కానీ గాయం ఇంకా మానకపోవడానికి కారణం వెతకాలంటే రెండేళ్లు ముందుకు, 2004 జూన్‌కు రావాలి. క్లబ్బును తీసుకుపోయినవారు ‘వింబుల్డన్’ అన్న పేరు వదిలేసి, దాని తోకను మాత్రం అట్టేపెట్టుకున్న నెల అది.

అనుమతి ఏ ప్రాతిపదికన వచ్చిందో చూస్తేనే ఆ పని బరువు తెలుస్తుంది. 2001 ఆగస్టులో అప్పటి ఛైర్మన్ చార్లెస్ కొప్పెల్ తరలింపు సంగతి ప్రకటించారు. ఫుట్‌బాల్ లీగ్ కుదరదంది. మధ్యవర్తుల బృందం మళ్లీ ఆలోచించమంది. చివరకు ఫుట్‌బాల్ అసోసియేషన్ ముగ్గురు సభ్యుల స్వతంత్ర కమిషన్ వేసింది: న్యాయవాది రాజ్ పార్కర్, ఆస్టన్ విల్లాకు చెందిన స్టీవ్ స్ట్రైడ్, కింది శ్రేణి ఇస్త్మియన్ లీగ్ ఛైర్మన్ ఆలన్ టర్వే. లీగ్ మ్యాచ్‌ల ప్రసార హక్కులు కొన్న ఐటీవీ డిజిటల్ అప్పుడే కూలిపోయి, టీవీ డబ్బును నమ్ముకున్న క్లబ్బులన్నీ గుండెలు చేత్తో పట్టుకుని ఉన్నాయి. వింబుల్డన్ నష్టాల్లో మునిగి ఉంది. సొంత ఊరులో స్టేడియం కట్టడం అసాధ్యమని, తరలకపోతే క్లబ్బే ఉండదని కొప్పెల్ వాదన. పేరు, రంగులు, చిహ్నం అలాగే ఉంటాయని, దక్షిణ లండన్ అభిమానుల ప్రయాణానికి రాయితీలు ఇస్తామని హామీలు కూడా ఇచ్చారు. అంటే, వింబుల్డన్‌ను బతికించడానికే వింబుల్డన్ నుంచి తీసుకుపోతున్నాం అన్నమాట. కమిషన్‌లో ఇద్దరు ఒప్పుకున్నారు. టర్వే ఒప్పుకోలేదు. చిన్న క్లబ్బుల లోకం నుంచి వచ్చినవాడు ఆయన ఒక్కడే కావడం కాకతాళీయం అనుకోవడం కష్టం.

ఆ నివేదికలో ఒక వాక్యం వింబుల్డన్ అభిమానులకు కంఠస్థం. వింబుల్డన్ టౌన్ అనో మరొకటనో పేరు పెట్టి బూడిదలోంచి క్లబ్బును మళ్లీ లేపడం ఫుట్‌బాల్ విశాల ప్రయోజనాలకు తగినది కాదని అందులో రాశారు. రెండు రోజులు తిరగకుండానే, మే 30న, అభిమానులు సమావేశమై సరిగ్గా ఆ పనే చేయాలని తీర్మానించుకున్నారు. పోరాడి పోరాడి అలసిపోయాం, ఇక ఫుట్‌బాల్ చూడాలని ఉందన్నది ఆ రోజు అభిమానుల నాయకుడు క్రిస్ స్టీవర్ట్ చెప్పిన మాట సారాంశం. జూన్ నెలాఖరున వింబుల్డన్ కామన్ పచ్చికబయలులో ఎవరైనా రావచ్చని సెలెక్షన్ ట్రయల్స్ పెడితే సుమారు 230 మంది బూట్లు కట్టుకుని వచ్చారు. అలా పుట్టిన జట్టే ఏఎఫ్‌సీ వింబుల్డన్. జులైలో సటన్ యునైటెడ్ మీద మొదటి స్నేహపూర్వక మ్యాచ్‌లో 0–4తో ఓడిపోయారు. చూడటానికి వచ్చినవారు 4,657 మంది. దేశంలో తొమ్మిదో శ్రేణిలో ఆడబోయే జట్టుకు!

అదే కాలంలో అసలు క్లబ్బుగా కాగితం మీద మిగిలిన వింబుల్డన్ సెల్‌హర్స్ట్ పార్క్‌లో ఖాళీ కుర్చీల ముందు ఆడుతోంది. మిల్టన్ కీన్స్‌లో స్టేడియం సిద్ధం కాలేదు. 2003 జూన్‌లో క్లబ్బు దివాలా నిర్వాహకుల చేతికి వెళ్లింది. సెప్టెంబరులో మిల్టన్ కీన్స్‌లోని ఒక హాకీ స్టేడియంలోకి మారింది. ఆ సీజన్‌లో రెండో శ్రేణి పట్టికలో చిట్టచివర నిలిచి కిందికి దిగిపోయింది.

అక్కడ పీట్ వింకిల్‌మన్ ముందుకొచ్చారు. సంగీత వ్యాపారంలోంచి వచ్చి మిల్టన్ కీన్స్‌లో స్థిరపడిన మనిషి. ఆ ఊరు 1967లో ప్రభుత్వం గీసిన గీతల మీద వెలసిన కొత్త పట్టణం. ఇళ్లున్నాయి, రోడ్లున్నాయి, లీగ్ స్థాయి ఫుట్‌బాల్ క్లబ్బు లేదు. ఆస్డా, ఐకియా దుకాణాలతో కలిపి పెద్ద స్టేడియం కట్టాలన్నది ఆయన పథకం. స్టేడియం ఖాళీగా ఉండకూడదంటే జట్టు కావాలి. కింది శ్రేణిలో స్థానిక జట్టును పెంచుకుంటూ రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే లూటన్, బార్నెట్ వంటి క్లబ్బులను అంతకుముందే అడిగి చూశారు, వారు రాలేదు. వింబుల్డన్ వచ్చింది. 2004 జూన్‌లో ఆయన కొత్త కంపెనీ ఆ క్లబ్బు ఆస్తులను, వాటితో పాటు లీగ్ సభ్యత్వాన్ని తీసుకుంది. చిహ్నం మార్చింది, రంగు తెలుపు చేసింది, పేరు మిల్టన్ కీన్స్ డాన్స్ (పొట్టిగా ఎంకే డాన్స్) అని పెట్టింది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. వింబుల్డన్ అన్న మాటలోని చివరి అక్షరాల నుంచి అభిమానులు దశాబ్దాలుగా ముద్దుగా పిలుచుకున్న పేరు ‘డాన్స్’. పాత పేరు మొత్తం ఉంచి ఉంటే 2002 హామీ నిలబెట్టుకున్నారని అనవచ్చు. మొత్తం తీసేసి ఉంటే కొత్త ఊరు, కొత్త క్లబ్బు అని సరిపెట్టుకోవచ్చు. వారు రెండూ చేయలేదు. వింబుల్డన్ బతకాలనే తరలిస్తున్నామన్న వాదన రెండేళ్లకే కాగితంలో మిగిలిపోయింది. పాత క్లబ్బు వారసులమని చెప్పుకోవడానికి మాత్రం ఒక ముక్క చేతిలో ఉంచుకున్నారు. ఇల్లు కొన్నవాడు గుమ్మం మీది ఇంటిపేరు పలకను సగం విరిచి తగిలించుకున్నట్టు.

వారి పక్షాన కూడా చెప్పవలసింది ఉంది. 2004లో ఆ క్లబ్బు మూతపడటానికి గుమ్మంలో ఉంది, ఎవరూ కొనడానికి రాలేదు, వింకిల్‌మన్ వచ్చారు. 2007లో వాగ్దానం చేసిన స్టేడియం కట్టి చూపించారు. డెలీ ఆలీ వంటి ఊరి కుర్రవాడు అక్కడ ఆట నేర్చుకుని ఇంగ్లండ్ జట్టుదాకా వెళ్లాడు. 2014 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్‌ను 4–0తో చిత్తు చేశారు. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లలకు అది ‘మా జట్టు’. వారికి 2002తో సంబంధం లేదు.

అయితే తమకు 2002తో సంబంధం లేదని ఆ క్లబ్బే రాతపూర్వకంగా ఒప్పుకున్న రోజు ఒకటుంది. మొదట్లో ఎంకే డాన్స్ 1988 కప్పును తమదిగానే చెప్పుకునేది. ఇతర క్లబ్బుల అభిమానులు కూడా దాన్ని వెలివేసినట్టు చూడటం, వారి దేశవ్యాప్త సమాఖ్య ఎంకే అభిమానుల సంఘాన్ని చేర్చుకోకపోవడంతో 2006లో ఒక ఒప్పందం కుదిరింది. 2004కు ముందున్న చరిత్ర మీద హక్కు వదులుకుంటున్నామని, పాత ట్రోఫీలూ ఎఫ్‌ఏ కప్ నమూనా వింబుల్డన్ ఉన్న మెర్టన్ బరోకు అప్పగిస్తామని ఎంకే డాన్స్ ఒప్పుకుంది. 2007లో అప్పగించింది. అప్పటి నుంచి తమ క్లబ్బు 2004లో పుట్టిందనే చెప్పుకుంటోంది.

2004లో పుట్టిన క్లబ్బుకు ‘డాన్స్’ అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చింది? మూడో శ్రేణిలో నేరుగా చోటు ఎలా దొరికింది? ఒప్పందం ఈ రెండు ప్రశ్నలనూ ముట్టుకోలేదు. కప్పులు వెనక్కి ఇచ్చేశాం కదా అని మిల్టన్ కీన్స్ వారు అంటారు. కప్పులు ఇచ్చినవారు పేరెందుకు ఇవ్వరని వింబుల్డన్ వారు అడుగుతారు. 2012లో వింబుల్డన్ స్వతంత్ర మద్దతుదారుల సంఘం ఆ ముక్క తీసేయాలని బహిరంగంగా ప్రచారం చేసింది. వింకిల్‌మన్ ససేమిరా అన్నారు.

ఆ ఏడాది డిసెంబరు 2నే రెండు జట్లూ మొదటిసారి ఎదురుపడ్డాయి. తొమ్మిదో శ్రేణిలో మొదలైన వింబుల్డన్ తొమ్మిది సీజన్లలో అయిదుసార్లు పైకెక్కి 2011లో లీగ్‌లోకి వచ్చింది కాబట్టి, ఈ రోజు ఎప్పుడో ఒకప్పుడు రావలసిందే. ఎఫ్‌ఏ కప్ రెండో రౌండు డ్రాలో రాసిపెట్టి వచ్చింది. వింబుల్డన్ అభిమానుల్లో కొందరు ఆ స్టేడియంలో అడుగుపెట్టబోమని ఇంట్లోనే ఉన్నారు. వెళ్లినవారి నెత్తిమీద ఒక చిన్న విమానం ‘మేమే వింబుల్డన్’ అన్న అర్థం వచ్చే బ్యానరు లాగుతూ తిరిగింది. జాక్ మిడ్సన్ తలతో కొట్టి స్కోరు సమం చేస్తే జనం మైదానంలోకి దూకారు. ఆట చివర కలిపిన ఇంజురీ టైమ్ నిమిషాల్లో ఒట్సెమొబర్ మడమతో నెట్టిన బంతి లోపలికి వెళ్లి ఎంకే డాన్స్ 2–1తో గెలిచింది. దురదృష్టమంటే అదీ. 2014 అక్టోబరులో అకిన్‌ఫెన్వా గోలుతో 3–2 గెలిచాక గాని వింబుల్డన్ వారు ఊపిరి పీల్చుకోలేదు.

కప్పుల్లో ఎప్పుడో ఒకసారి తారసపడటం వేరు. 2016లో వింబుల్డన్ మూడో శ్రేణికి ఎక్కడంతో ఇద్దరూ ఒకే లీగ్‌లోకి వచ్చారు, ఏటా రెండుసార్లు ముఖాముఖి. 2017 మార్చి 14న ఎంకే డాన్స్ మొదటిసారి కింగ్స్‌మెడోకు వచ్చింది, 0–2తో ఓడింది. అప్పటికే వింబుల్డన్ యాజమాన్యం అతిథులను ‘మిల్టన్ కీన్స్’ అని మాత్రమే అంటోంది. ఆరు నెలల తరవాతి మ్యాచ్ లీగ్ అభియోగం దాకా వెళ్లింది. అతిథి క్లబ్బును గౌరవించాలన్న మామూలు మర్యాద ఇక్కడ ఎవరికి వర్తిస్తుందో తేల్చడం లీగ్ వల్ల కాలేదు. 2001లో తాను తిరస్కరించిన తరలింపు ఫలితాన్ని 2017లో తానే కాపాడవలసి రావడం ఆ సంస్థకు కూడా ఇబ్బందే అయి ఉంటుంది.

2020 నవంబరులో వింబుల్డన్ ప్లౌ లేన్‌కు తిరిగి వచ్చింది. పాత మైదానం ఉన్నచోట సూపర్‌మార్కెట్ రాలేదు, అపార్ట్‌మెంట్లు వచ్చాయి. వాటి బ్లాకులకు పాత ఆటగాళ్ల పేర్లు పెట్టారు. దానికి కూతవేటు దూరంలో, కుక్కల పందేలు జరిగే స్టేడియం స్థలంలో అభిమానుల సొమ్ముతో, వారు కొన్న బాండ్లతో కొత్త స్టేడియం లేచింది. మెర్టన్‌లో స్టేడియం కట్టడం అసాధ్యమన్న 2002 నాటి వాదనకు అది జవాబు. కాస్త ఆలస్యమైందంతే.

2025 మేలో వింబుల్డన్ వెంబ్లీలో వాల్సాల్‌ను 1–0తో ఓడించి మళ్లీ మూడో శ్రేణికి ఎక్కింది. ఎంకే డాన్స్ ఆ సీజన్‌లో నాలుగో శ్రేణి పట్టికలో దిగువన మిగిలింది. అంతకు తొమ్మిది నెలల ముందే, 2024 ఆగస్టులో, వింకిల్‌మన్ తన వాటా అమ్మేసి తప్పుకున్నారు. ఇప్పుడు యాజమాన్యం కువైట్‌కు చెందిన ఫహద్ అల్ ఘానిమ్ నాయకత్వంలోని బృందానిది. 2004లో ఆ పేరు పెట్టినప్పుడు వారు అక్కడ లేరు, దాన్ని సమర్థించుకోవలసిన అవసరం వారికి లేదు. ‘డాన్స్’ ఉంచాలా తీసేయాలా అన్నది ఇక వారి చేతిలోని పని.