మోకాలి ఇంజెక్షన్ల వెనక 70 ఏళ్ళ కథ

అరవై దాటిన వాళ్ళున్న ఇంట్లో ఈ చర్చ ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. మోకాళ్ళ నొప్పికి స్టెరాయిడ్ వేయించాలా, గుజ్జు ఇంజెక్షనా, లేక మన రక్తమే తీసి అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని ఎక్కించే పీఆర్‌పీనా? నిజానికి ఈ మూడింటిలో ఏదీ అరిగిన మోకాలి కోసం పుట్టలేదు. వేరే రోగాలకు వాడుతుండగా ఇటు పాకినవే.

స్టెరాయిడ్ సంగతి 1948 సెప్టెంబరులో మొదలైంది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు, రుమటాయిడ్ కీళ్ళవాతంతో కదల్లేకుండా ఉన్న ఒక యువతికి, సహచరుడు ఎడ్వర్డ్ కెండాల్ వేరుచేసిన హార్మోన్ ఎక్కించాడు. అదే కార్టిసోన్. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఇద్దరికీ, స్విట్జర్లాండ్‌లో పనిచేస్తున్న రైక్‌స్టైన్‌కీ కలిపి నోబెల్ వచ్చింది. ఆ సంబరం ఎంతో కాలం నిలవలేదు. ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, షుగర్ పెరగడం ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

ఒళ్ళంతా పాకకుండా నొప్పి ఉన్న కీలులోకే మందు పంపితే? ఆలోచన బాగానే ఉంది గానీ, కార్టిసోన్ నేరుగా కీలులో వేస్తే పెద్దగా పనిచేయలేదు. అది ప్రధానంగా కాలేయంలో హైడ్రోకార్టిసోన్‌గా మారాకే వాపును తగ్గిస్తుంది, కీలులో ఆ మార్పు సరిగా జరగదు. అందుకే ఫిలడెల్ఫియాలో జోసెఫ్ హోలాండర్ హైడ్రోకార్టిసోన్‌నే వాడి, 1951లో ఫలితాలు ప్రకటించాడు. ఈసారి వాపూ నొప్పీ తగ్గాయి, కానీ కొన్నాళ్ళే. దాంతో నెమ్మదిగా కరిగే స్టెరాయిడ్ల కోసం వెతుకులాట మొదలైంది. ఇప్పటికీ మోకాళ్ళలో వేసే ట్రయామ్సినలోన్‌ను 1950ల మధ్యలో తయారుచేసిన చోట్లలో లెడర్లీ ప్రయోగశాల ఒకటి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనకు సారథ్యం వహించింది అక్కడే. ఆయన మాత్రం 1948 ఆగస్టులోనే, అంటే హెంచ్ ప్రయోగానికి నెలన్నర ముందే, కన్నుమూశారు.

భయం కూడా తొందరగానే వచ్చింది. 1958లో చాండ్లర్, రైట్ అనే బ్రిటిష్ వైద్యులు, హైడ్రోకార్టిసోన్ వేసిన కీళ్ళు దెబ్బతింటున్నాయని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఏడాదికి మూడు నాలుగుకు మించొద్దని ఈ రోజుకీ డాక్టర్లు చెప్పే మాట వెనక ఉన్నది పక్కా లెక్క కాదు, ఇలాంటి జాగ్రత్తే. గట్టిగా తేల్చే పరీక్షలు మాత్రం దశాబ్దాల పాటు జరగలేదు. ఇంత మందికి వేసే సూది విషయంలో ఇది విడ్డూరమే.

2003లో మాంట్రియల్ బృందం 68 మందిని రెండేళ్ళు గమనించి, ఎక్స్‌రేలో అదనపు నష్టం ఏమీ కనబడలేదంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఈలోగా కీళ్ళ అరుగుదల గురించిన అవగాహనే మారింది. రోలు అరిగినట్టు అరిగేదే తప్ప అందులో వాపు లేదనుకున్న చోట, కీలు లోపలి పొర వాచి ఉండటం స్కానింగుల్లో కనబడసాగింది. అలా వాపు ఉన్న 140 మందినే ఎంచుకుని బోస్టన్‌లోని టఫ్ట్స్ వైద్యులు సగం మందికి ట్రయామ్సినలోన్, సగం మందికి ఉత్త సెలైన్, 12 వారాలకోసారి రెండేళ్ళు వేశారు. 2017లో వచ్చిన ఫలితం ఇబ్బందికరమైనది. స్టెరాయిడ్ వాళ్ళ మృదులాస్థి (కీలులో ఎముకల కొసలను కప్పే నున్నని పొర) మందం 0.21 మి.మీ. తగ్గితే, సెలైన్ వాళ్ళది 0.10 మి.మీ. తగ్గింది. నొప్పిలో తేడా లేదు. అయితే నొప్పిని మూడు నెలలకోసారే కొలిచారు కాబట్టి మొదటి వారాల ఊరట లెక్కలోకి రాలేదన్న విమర్శలో న్యాయం ఉంది.

గుజ్జు ఇంజెక్షన్‌లో ఉండేది హైలురోనిక్ ఆమ్లం. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దీన్ని ఆవు కంటి లోపలి జిగురులో కనుగొన్నారు. తర్వాత ఎండ్రే బాలజ్ కోడిజుట్టు నుంచి శుద్ధి చేశాడు. అది పందెపు గుర్రాల కీళ్ళలోకీ, కంటి ఆపరేషన్లలోకీ వెళ్ళింది. మనిషి మోకాలికి అమెరికాలో అనుమతి దొరికింది 1997లో, అదీ మందుగా కాదు, వైద్య పరికరంగా. 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం 169 పరీక్షలను కలిపి చూస్తే, సెలైన్‌తో పోల్చినప్పుడు రోగికి తెలిసేంత తేడా కనబడలేదు. దవడ ఆపరేషన్ల నుంచి వచ్చిన పీఆర్‌పీదీ ఇదే దారి. 2021లో ఆస్ట్రేలియాలో 288 మందిపై చేసిన పరీక్షలో అది సెలైన్‌ను దాటలేకపోయింది.

సెలైన్ వేసినవాళ్ళకూ నొప్పి గణనీయంగా తగ్గుతుంది, చిక్కంతా అక్కడే. నొప్పి బాగా ముదిరినప్పుడే మనం డాక్టరు దగ్గరికి పోతాం, ఆ తర్వాత ఎలాగూ కొంత తగ్గుతుంది. సూది మీది నమ్మకం కొంత పనిచేస్తుంది. ఊరట అబద్ధమని కాదు, అది సీసాలోని మందుదేనని చెప్పడం కష్టం.

అమెరికాలోని కీళ్ళవాత వైద్యుల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ) 2019 మార్గదర్శకాలు మోకాలికి స్టెరాయిడ్‌ను గట్టిగానే సమర్థించాయి, పీఆర్‌పీని గట్టిగా వద్దన్నాయి, గుజ్జును షరతులతో వద్దన్నాయి. స్టెరాయిడ్ ఊరట సాధారణంగా కొన్ని వారాలదే. షుగర్ ఉన్నవాళ్ళకు సూది తర్వాత కొన్ని రోజులు రక్తంలో చక్కెర పెరగవచ్చు. మోకాలి మార్పిడికి సిద్ధమయ్యేవాళ్ళు ఆపరేషన్‌కు ముందు మూడు నెలల్లో దీన్ని వేయించుకుంటే ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది కాబట్టి, తేదీ ఖరారు కాకముందే సర్జన్‌కు చెప్పాలి.