పటం మీదికి వచ్చిన మనసు

తెలంగాణలోని చేర్యాలలో నకాషీలు అనే సంప్రదాయ చిత్రకారులు గీసే కథల పటం గోడకు వేలాడదీసుకునే అలంకారంగా పుట్టలేదు. ఖాదీ గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపి పూసి, ఆరబెట్టి, ఎర్ర రంగు పరచిన తలం మీద ఒకదాని కింద ఒకటిగా బొమ్మల వరుసలు దించుకుంటూ పోతే అది పదుల అడుగుల పొడవు సాగేది. కథకులు దానిని ఊరి నడుమ నిలబెట్టి, వరుస తరువాత వరుస విప్పుతూ, ఒక్కో కులానికి దాని పుట్టుక కథను వినిపించేవారు. పద్మశాలీల ఎదుట కూనపులివారు విప్పేది మార్కండేయ పురాణం. చూడవచ్చిన వారికి ఆ కథ కొత్తదేమీ కాదు. అయినా తరతరాలుగా వారు వచ్చి కూర్చున్నారు. తమలో ఉన్న కథను తమ కంటి ఎదుట పరచి చూసుకోవడంలో, కేవలం తెలిసి ఉండడంలో లేనిదేదో ఉందన్నమాట. బొమ్మ గీయడం మనసుకు మేలు చేస్తుందని, మనల్ని మనకు చూపుతుందని చెప్పే కళా చికిత్సకు మూలమైన సంగతి కూడా, నా దృష్టిలో, ఇదే.

ఆ చికిత్సకు ‘ఆర్ట్ థెరపీ’ అన్న పేరు 1942లో వచ్చింది. పెట్టినవాడు ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు. 1938లో క్షయ సోకి శానిటోరియంలో చేరిన ఆయన, మంచం మీద ఉన్నన్నాళ్లూ బొమ్మలు గీస్తూ గడిపి, అది తనను నిలబెట్టిందని గ్రహించి, తోటి రోగుల చేత కూడా కుంచె పట్టించాడు. దాదాపు అదే కాలంలో అమెరికాలో మార్గరెట్ నామ్‌బర్గ్, గీసిన బొమ్మ అంటే లోపలి మనసు మాట్లాడే భాష అని, దాని గురించి రోగితో మాట్లాడడమే వైద్యమని వాదించింది; ఎడిత్ క్రేమర్ మాత్రం మాట్లాడడం కంటే చేయడంలోనే మందు ఉందన్నది. ఈ రెండు మాటలకూ మధ్య వాదం నేటికీ తెగలేదు.

మాటతో పని ఎందుకు పూర్తికాదో తెలియడానికి మన పలకరింపే చాలు. ‘ఎట్లున్నవ్?’ అని ఎవరైనా అడిగితే ‘మంచిగనే ఉన్న’ అని నోరు తనంతట తానే అనేస్తుంది. లోపల ఏమున్నదో వెతికే పని మనసు మీద పడదు. మాటలు మనకు ముందే కట్టిన మూటలుగా అందుతాయి. చేతిలోని మట్టిముద్దకు, తెల్లకాగితం మీది బొగ్గుముక్కకు అటువంటి తయారు జవాబు ఉండదు. ఎక్కడ గట్టిగా నొక్కాలి, ఎక్కడ వదిలేయాలి, ఏ మూలను ఖాళీగా ఉంచాలి అన్న చిన్నచిన్న నిర్ణయాలు వందల కొద్దీ, చాలావరకు ఆలోచన లేకుండానే, చేయి తీసుకుంటుంది. పని ముగిశాక వాటన్నిటినీ ఒకేసారి బయటినుంచి చూడగలుగుతాము. అప్పటిదాకా గీసిన మనిషి ఆ క్షణంలో చూసే మనిషి అవుతాడు.

శరీరంలో ఏమి జరుగుతుందో కొలిచిన ప్రయత్నాలు కూడా ఉన్నాయి. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో 39 మంది పెద్దలకు మట్టి, మార్కర్లు, అతికింపు కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమైనది చేసుకోమన్నారు. ముందూ తరువాతా లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనును కొలిస్తే, సుమారు 75 శాతం మందిలో అది తగ్గింది. అంతకుముందు కళలో అనుభవం ఉన్నదా లేదా అన్నదానితో ఈ తగ్గుదలకు సంబంధం కనబడలేదు. అయితే పోల్చిచూడడానికి, అంతసేపూ ఊరకే కూర్చున్న మరో బృందం ఇందులో లేదు. మిగిలిన పావు వంతు మందిలో కార్టిసాల్ తగ్గలేదు కూడా. ఈ రెండు మాటలనూ వదిలేసి ‘బొమ్మలు వేస్తే ఒత్తిడి మాయం’ అని రాసేవారిని నమ్మనక్కర లేదు.

దుఃఖంలో ఉన్నవారు ఆ దుఃఖాన్నే గీసి బయటికి వెళ్లగక్కాలని చాలామంది అనుకుంటారు. జెన్నిఫర్ డ్రేక్, ఎలెన్ విన్నర్ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగాలు దీనికి ఎదురు చెప్పాయి. విషాదాన్ని గుర్తుకు తెప్పించి, కొందరిని ఆ భావాన్నే గీయమని, మరికొందరిని దానితో సంబంధం లేనిదేదైనా గీయమని అడిగితే, అప్పటికప్పుడు మనసు తేలికపడింది రెండో రకంవారికే. నాకు ఇది ఆశ్చర్యంగా అనిపించలేదు. చావు జరిగిన ఇంట్లో కూడా పెద్దవాళ్లు ఏడ్చేవారి చేతికి ఏదో ఒక పని అందిస్తారు. అయితే అప్పటికి కుదుటపడడం వేరు, తనను తాను తెలుసుకోవడం వేరు. మొదటిది ఒక పూటలో జరగవచ్చు, రెండోదానికి నెలలు పడుతుంది.

కుదుటపడడం గురించి ముగ్గు వేసే చేతులకు తెలిసినంత మరెవరికీ తెలియదేమో. వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, చుక్కలు పెట్టి, వాటి చుట్టూ గీతను మెలితిప్పుకుంటూ పోయే మనిషి చూపు మరో చోటికి పోదు, ఎందుకంటే ఒక్క చుక్క తప్పితే ముగ్గు కలవదు. 2005లో కరీ, కాసర్ అనే ఇద్దరు పరిశోధకులు 84 మంది విద్యార్థులను ముందుగా ఆందోళనకు గురిచేసి, కొందరికి రంగులు నింపడానికి వృత్తాకారపు మండల చిత్రాన్ని, కొందరికి గళ్ల నమూనాను, మరికొందరికి ఖాళీ కాగితాన్ని ఇచ్చారు. నమూనా దొరికినవారి ఆందోళన బాగా తగ్గింది. ఖాళీ కాగితం దొరికినవారికి ఆ మేలు కలగలేదు. చుక్కల సాయం లేని పూర్తి స్వేచ్ఛ, కలత చెందిన మనసుకు మరో బరువు కావచ్చు.

మండలాన్ని చికిత్సలోకి తెచ్చినవాడు స్విస్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్. మొదటి ప్రపంచయుద్ధపు చివరి రోజుల్లో, స్విట్జర్లాండ్‌లో నిర్బంధంలో ఉంచిన బ్రిటిష్ సైనికుల శిబిరానికి అధికారిగా ఉంటూ, ఆయన ప్రతి ఉదయం నోటుపుస్తకంలో ఒక చిన్న వృత్తచిత్రం గీసుకునేవాడు. ఆ బొమ్మల్లో తన మనఃస్థితి రోజురోజుకూ ఎలా మారుతున్నదో కనిపించేదని రాశాడు. ఇక్కడ అసలు విషయం ‘ప్రతి ఉదయం’ అన్న మాటలో ఉంది. ఒక్క బొమ్మ ఏమీ చెప్పదు. నలభై బొమ్మలు పక్కపక్కన పెడితే, ఏ గీత మళ్లీమళ్లీ వస్తున్నదో, ఏ రంగు ఎన్నడూ రాలేదో తెలుస్తుంది.

జర్మనీలో 2014లో వెలువడిన ఒక అధ్యయనం, పదవీ విరమణ చేసిన 28 మందిని రెండు జట్లు చేసి, పది వారాల పాటు ఒక జట్టు చేత బొమ్మలు వేయించి, రెండో జట్టును మ్యూజియంలోని బొమ్మలు చూసి చర్చించమంది. మనం మన గురించి ఆలోచించుకునేటప్పుడు చురుకయ్యే మెదడు ప్రాంతాల మధ్య అనుసంధానం, వేసినవారిలోనే ఎక్కువగా పెరిగింది. తక్కువమందితో చేసిన పరీక్షే అయినా, చూడడం చేయడానికి బదులు కాదన్న సంగతిని అది బలపరుస్తుంది. కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో 1942లో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం బరోడాలో కె.జి.సుబ్రహ్మణ్యన్ వద్ద చదువుకొని, చాలాకాలం వెతికి, చివరికి నుదుట పెద్ద బొట్టుతో, నిండు రంగుల చీరతో ఉన్న తెలంగాణ పల్లె స్త్రీ దగ్గర ఆగారు. ఆ రూపాలకు మూలం తన తల్లి అని ఆయనే చెప్పారు. తల్లి ఆయనకు ఎప్పుడూ తెలిసినదే. ఆమె తన చిత్రకళకు కేంద్రమని తెలియడానికి మాత్రం ఏళ్ల తరబడి గీయవలసి వచ్చింది.

ఇంత చెప్పాక హద్దులు కూడా చెప్పాలి. స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి ఉన్న 417 మందితో బ్రిటన్‌లో జరిగిన మటిస్ అనే పెద్ద పరీక్ష ఫలితాలు 2012లో వచ్చాయి. మామూలు వైద్యానికి సామూహిక కళా చికిత్సను జోడించినందువల్ల అదనపు ప్రయోజనం కనబడలేదు. నలుపు వాడితే కుంగుబాటు, చేతులు గీయకపోతే భయం అంటూ బొమ్మకు నిఘంటువు పెట్టి చదివే పద్ధతికి శాస్త్రం నుంచి గట్టి దన్ను లేదు, దానితో పిల్లల మనసుల మీద తీర్పులిచ్చేవారిని దూరంగా ఉంచడమే మంచిది. నిద్ర పట్టక, బతకాలన్న ఆశ సడలుతున్నవారికి రంగుల పెట్టె కంటే ముందు వైద్యుడు కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ అయిన టెలి మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా, తెలుగులోనే, ఫోన్ చేయవచ్చు.

మిగిలిన వారిని ఆపేది ఒక్క మాట: ‘నాకు బొమ్మలు రావు.’ ఆ మాట అనే ఆడవారే బతుకమ్మ పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల నాడు హనుమకొండ వేయిస్తంభాల గుడికి బతుకమ్మలు ఎత్తుకొని వస్తారు. తంగేడు మీద గునుగు, గునుగు మీద బంతి, రంగు అద్దిన పువ్వు పక్కన అద్దని పువ్వు. ఏ వరుస తరువాత ఏది రావాలో ఎవరినీ అడగకుండా, శిబ్బిలో పేర్చుకుంటూ పోతారు. పొద్దుగూకినాక అది నీళ్లలోకి పోతుంది కనుక బాగుందా లేదా అన్న భయం వారిని పట్టదు. కాగితం మీద మొదలుపెట్టేవారు కూడా ఆ ప్రశ్ననే పక్కన పెట్టాలి. రోజుకు పదిహేను నిమిషాలు గీసి, వెనుక తేదీ వేసి, నెల తరువాత ఆ కాగితాలన్నీ నేల మీద వరుసగా పరచి, ‘నా చేయి ఎక్కడ ఆగింది, ఎక్కడ తొందరపడింది?’ అని మాత్రం చూసుకోవాలి.