బాణీ ఎవరిది? సీమ పాటల వెనక కథలకు ఒక నేపథ్యం

పాత హిట్ పాట ఎలా పుట్టిందో గాయకులు, సంగీత దర్శకులు సొంత నోటితో చెప్పే ఇంటర్వ్యూలు ఇప్పుడు యూట్యూబ్ నిండా ఉన్నాయి. ట్యూన్ ముందా, మాటలు ముందా, మొదటి ఛాన్స్ ఎవరిచ్చారు, రికార్డింగ్ రోజు ఎంత టెన్షన్ పడ్డారు... గంటల తరబడి చెబుతున్నారు, జనం చివరిదాకా వింటున్నారు. అయితే ఈ ముచ్చట టీవీలతో మొదలైంది కాదు. రాయలసీమలో దీని మొదలు వెతికితే పెనుకొండ దాకా వెళ్లాలి.

తాళ్లపాక అన్నమయ్య (1408–1503) ఉమ్మడి కడప జిల్లా రాజంపేట పక్క ఊరివాడు. ఆయన మనవడు చిన్నన్న తాత జీవితాన్ని ద్విపదలో రాశాడు. అందులో పెనుకొండ ఘట్టం చాలామందికి తెలుసు. సాళువ నరసింహరాయల ముందు అన్నమయ్య ‘ఏమొకో చిగురుటధరమున’ పాడాడు. రాజు మురిసిపోయి తన మీద కూడా అలాంటి పదం ఒకటి చెప్పమన్నాడు. హరిని పొగిడిన నోటితో మనిషిని పొగడలేనని అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. రాజు సంకెళ్లు వేయించాడు, స్వామిని తలచుకుని పాడగానే అవి ఊడిపోయాయి. ‘ఆకటి వేళల’ అప్పుడు పుట్టిందేనని సంప్రదాయం చెబుతుంది. సంకెళ్ల మహిమ ఎవరి నమ్మకం వారిది. ఒక పాటను ఎక్కడ, ఎవరి ముందు, ఏ పరిస్థితిలో పాడారో ఇంట్లోవాళ్లే రాసిపెట్టడం మాత్రం చాలా గొప్ప సంగతి. అంత పాత కాలం పాటలకు ఇలాంటి ఆధారం దొరకడం అరుదు.

అంత శ్రద్ధ ఉన్న ఇంట్లో కూడా ఒకటి జారిపోయింది. అన్నమయ్య సంకీర్తనలను కొడుకు పెద తిరుమలాచార్యుడు రాగిరేకుల మీద చెక్కించాడు. తిరుమల గుడిలో దాచిన ఆ రేకులు శతాబ్దాల పాటు ఎవరికీ పట్టకుండా పడి ఉండి, 1922 ప్రాంతంలో వెలుగులోకి వచ్చాయి. ఆయన 32,000 సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి, దొరికినవి 12,000 పైచిలుకు. పాట పైన రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. మాట మిగిలింది, బాణీ పోయింది. అన్నమయ్య ఎలా పాడాడో ఇక తెలిసే దారి లేదు.

మరి ఇవాళ మనం వింటున్నది ఎవరి బాణీ? ఇక్కడ తలచుకోవాల్సిన మొదటి పేరు అనంతపురం జిల్లా కంబదూరు దగ్గరి రాళ్లపల్లిలో 1893లో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మది. మైసూరు మహారాజా కాలేజీలో దశాబ్దాల పాటు తెలుగు పాఠాలు చెప్పిన ఆయన తర్వాత తిరుపతి వచ్చి, మూగబోయిన ఆ పాటలకు కొత్తగా బాణీలు కట్టారు, స్వరాలతో సహా అచ్చు వేయించారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఆ తర్వాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి గాయకులు ఆ పనిని చాలా దూరం తీసుకెళ్లారు. కచేరీలో మాత్రం ‘అన్నమయ్య కీర్తన’ అని చెప్పి పాట ఎత్తుకుంటారు. బాణీ కట్టినవారి పేరు చెప్పడానికి పట్టేది అర నిమిషమే. ఆ అర నిమిషం కూడా దక్కకపోవడం నాకు బాధగా ఉంటుంది.

జానపదంలో పరిస్థితి ఇంకా కష్టం. కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీశారు. ఆయన కథను కర్నూలు పల్లెల్లో తరతరాలు నిలబెట్టింది పాటే. ఆ పాట మొదట ఎవరు కట్టారో, ఏ ఊళ్లో పాడారో రాసిపెట్టిన చిన్నన్న ఎవరూ లేరు. నాటకాలదీ అదే దారి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి నాటకాల పేరు దేశమంతా తెలుసు. పద్యం ఎత్తుకున్న నటుడికి వన్స్‌మోర్ పడేది, పక్కన హార్మోనియం మీద శ్రుతి పట్టిన మనిషి ఊరు కూడా ఎవరూ అడిగేవారు కాదు.

సినిమా వచ్చాక టైటిల్ కార్డు వచ్చింది, పేర్లు అచ్చయ్యాయి. కానీ జ్ఞాపకంలో అన్ని పేర్లూ నిలవలేదు. కడప జిల్లా నుంచి వెళ్లిన బి.ఎన్.రెడ్డి 1951లో ‘మల్లీశ్వరి’ తీశారు. సంగీతం అనగానే సాలూరి రాజేశ్వరరావు పేరే గుర్తొస్తుంది. ఆ సినిమా నేపథ్య సంగీతంలో అద్దేపల్లి రామారావు చేసిన పని సంగీతం బాగా తెలిసినవాళ్ల మాటల్లోనే మిగిలింది.

ఇక ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం విషయం. ఇంజినీరింగ్ చదవాలని అనంతపురం కాలేజీలో చేరి, టైఫాయిడ్ రావడంతో మానేసి, తర్వాత మద్రాసులో చదువుకున్నారు. పాటల పోటీలో ఆయన గొంతు విని గుర్తుపెట్టుకున్నది సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి. 1966 డిసెంబర్ 15న మొదటి సినిమా పాట పాడించిందీ ఆయనే. ఆ సినిమా ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ను నిర్మించిన హాస్యనటుడు పద్మనాభం పులివెందుల దగ్గరి సింహాద్రిపురం మనిషి. కోదండపాణి 1974లోనే పోయారు. అయినా ఆయన పేరు ఇవాళ్టి పిల్లలకు తెలిసిందంటే బాలు చెప్పబట్టే. రికార్డింగ్ థియేటర్‌కు గురువు పేరే పెట్టుకున్నారు. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలయ్యాక, పోటీకి వచ్చిన పిల్లలు పాడిన పాటను పట్టుకుని రాసినవారు, బాణీ కట్టినవారు, మొదట పాడినవారు ఎవరో బాలు ఓపిగ్గా చెప్పారు. పాట వెనక కథ వినే అలవాటు తెలుగు ఇళ్లకు పట్టించినది ఎక్కువగా ఆ కార్యక్రమమే అని నా అభిప్రాయం.

ఈ కథల్లో డబ్బు సంగతీ ఉంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక సినిమా పాట రాసినవారికి, స్వరం కట్టినవారికి రాయల్టీలో వాటా హక్కుగా వచ్చింది. పేరు తెలిసిన పాటకే ఆ హక్కు. పల్లెలో ఒక గురువు కట్టిన దరువును, అంటే తాళం మీద నడిచే పాటను, సినిమాకు తీసుకుని ‘జానపదం’ అని వేసేస్తే ఆయనకు పేరూ రాదు, పైసా రాదు. అది తన గురువు బాణీ అని తర్వాత శిష్యులు చెప్పినా, చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

కదిరి, రాయదుర్గం, ఆదోని, ప్రొద్దుటూరు వైపు చెక్క భజన గురువులు, కోలాటం నేర్పేవాళ్లు, పల్లె నాటకాల హార్మోనియం మాస్టర్లు ఇంకా ఉన్నారు. వాళ్ల ప్రదర్శనలు ఫోన్లలోకి ఎక్కుతున్నాయి. వీడియో కింద పాట పేరు, ఊరి పేరు ఉంటాయి, అంతే. తీసేవాళ్లు పాట అయిపోయాక ఫోన్ ఆపకుండా ఇంకో పది నిమిషాలు ఆ పెద్దమనిషిని కూర్చోబెట్టి అడగాలి: ఈ దరువు మీకు ఎవరు నేర్పారు? వాళ్లది ఏ ఊరు? మాటలు పాతవేనా, మీరేమైనా మార్చారా? మొదట ఏ తిరునాళ్లలో పాడారు? ఆ జవాబులను, అడిగిన తేదీని వీడియో కిందే రాసిపెట్టాలి.