న్యూయార్క్, లండన్ మధ్య తేడా ఎప్పుడూ ఐదు గంటలేనా? దూరదేశాల సమావేశాలపై అపోహలు - వాస్తవాలు

అమెరికాలో గడియారాలు మారే మార్చి నెల రెండో ఆదివారం గడిచిన మర్నాడు నా ఫోను ఆగకుండా మోగుతుంది. "సమావేశం సమయం గంట మారిపోయింది, ఎవరు మార్చారు?" అని ఒకరు, "క్యాలెండర్ పాడైంది" అని ఇంకొకరు. ఆ వెంటనే "పాత ఆహ్వానం తీసేసి కొత్తది పెట్టుకుంటే సరిపోతుంది" అనే చిట్కా ఒకటి చేతులు మారుతూ వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఒకే సమావేశానికి రెండు ఆహ్వానాలు తయారై, సగం మంది ఒక గంటకు, మిగతావారు మరో గంటకు వచ్చి కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. క్యాలెండర్ పాడవలేదు. ఎవరూ ఏమీ మార్చలేదు.

అపోహ: రెండు నగరాల మధ్య కాలవ్యత్యాసం ఏడాదంతా ఒకటే.

దూరదేశాలవారికి సమావేశాలు కుదిర్చే నా వృత్తిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. న్యూయార్క్, లండన్ మధ్య తేడా ఐదు గంటలని అందరికీ కంఠతా వచ్చు. ఏడాదిలో ఎక్కువ రోజులు అది నిజం కూడా. కానీ వేసవి సమయం కోసం అమెరికా తన గడియారాన్ని మార్చి నెల రెండో ఆదివారం గంట ముందుకు తిప్పుతుంది, బ్రిటన్ మార్చి చివరి ఆదివారం తిప్పుతుంది. ఆ నడుమ రెండు మూడు వారాలు తేడా నాలుగు గంటలే. వెనక్కి తిప్పేటప్పుడు బ్రిటన్ అక్టోబరు చివరి ఆదివారమే తిప్పేస్తుంది, అమెరికా నవంబరు మొదటి ఆదివారం దాకా ఆగుతుంది. మళ్లీ ఒక వారం నాలుగు గంటలు. సిడ్నీలో ఋతువులు తలకిందులు కాబట్టి అక్కడ అక్టోబరులో ముందుకు, ఏప్రిల్‌లో వెనక్కి తిప్పుతారు. అందుకే లండన్, సిడ్నీల తేడా కొన్ని నెలలు 9 గంటలు, కొన్ని నెలలు 11, మధ్యలో కొన్ని వారాలు 10. నైరోబీ గడియారం మాత్రం ఏడాది పొడవునా కదలదు.

ప్రతివారం జరిగే సమావేశం సాధారణంగా దాన్ని ఏర్పాటు చేసిన వ్యక్తి ఊరి గడియారాన్ని పట్టుకుని నడుస్తుంది. లండన్ నుంచి మధ్యాహ్నం 3 గంటలకు పెడితే నైరోబీలో శీతాకాలం సాయంత్రం 6కు, వేసవిలో 5కు వస్తుంది. న్యూయార్క్‌లో ఉదయం 10, ఆ నడిమి వారాల్లో 11. అంటే గడియారం కదలని ఊళ్లో ఉన్నవారికి కూడా సమావేశం సమయం మారిపోయినట్లు కనిపిస్తుంది. వారి అయోమయంలో తప్పేమీ లేదు. కొత్త సమావేశం మొదలుపెట్టే ముందు నేను అడిగే తొలి ప్రశ్న: ఇది ఎవరి గడియారం ప్రకారం? జవాబును ఆహ్వానంలోనే రాస్తాను, గడియారాలు మారే వారానికి ముందు అందరికీ ఒక సందేశం పంపుతాను.

అపోహ: ఈఎస్‌టీ (న్యూయార్క్ శీతాకాల సమయం) అని రాస్తే అందరికీ అర్థమవుతుంది.

కొన్నేళ్ల కిందట మార్చి మూడో వారంలో నైరోబీలో ఉన్న ఒక అమ్మాయికి ఇంటర్వ్యూ పెట్టాం. లేఖలో "ఉదయం 10, ఈఎస్‌టీ" అని ఉంది. ఆమె లెక్క వేసుకుని సాయంత్రం 6 గంటల ఇంటర్వ్యూకు పది నిమిషాల ముందే వచ్చింది. న్యూయార్క్‌లో అప్పటికే వేసవి సమయం మొదలైంది. అక్కడ నడుస్తున్నది ఈడీటీ, అంటే గంట ముందుండే వేసవి సమయం. ప్యానెల్ ఆమె ఊరి లెక్కన 5 గంటలకే కూర్చుని, ఎదురుచూసి, "హాజరు కాలేదు" అని రాసి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఆమె నాకు మూడుసార్లు క్షమాపణ రాసింది. ఆమె లెక్క అక్షరాలా సరైనది, తప్పు మా లేఖది. ఆ మాట ఆమెకు చెప్పడానికి, ప్యానెల్‌ను ఒప్పించి మరో తేదీ ఇప్పించడానికి నాకు రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి నేను పంపే ఏ లేఖలోనూ ఈ పొట్టి అక్షరాలు ఉండవు. సీఎస్‌టీ అంటే అమెరికా మధ్య ప్రాంతం కావచ్చు, చైనా కావచ్చు, క్యూబా కావచ్చు. ఐఎస్‌టీని భారత్, ఐర్లాండ్, ఇజ్రాయెల్ మూడూ వాడతాయి. నగరం పేరు రాయండి, అవతలివారి ఊరి సమయమూ పక్కనే రాయండి. ఇంటర్వ్యూకు వెళ్లేవారైతే "మా ఊళ్లో ఇన్ని గంటలకే కదా?" అని ఒక్క వాక్యం రాసి అడగండి. దాన్ని తెలివితక్కువ ప్రశ్నగా ఎవరూ అనుకోరు.

అపోహ: యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) పెడితే ఏ గొడవా ఉండదు.

ఒక్కసారి జరిగే సమావేశానికి మంచిదే. నెలల తర్వాతి వాటికి కాదు, ఎందుకంటే ప్రభుత్వాలు నియమాలు మారుస్తాయి. మెక్సికో 2022లో దేశంలో చాలా భాగానికి వేసవి సమయాన్ని రద్దు చేసింది. లెబనాన్‌లో 2023 మార్చిలో వేసవి సమయం మొదలు కావడానికి కొద్ది రోజుల ముందు ప్రభుత్వం దాన్ని వాయిదా వేసింది. కొన్ని సంస్థలు ఒప్పుకోలేదు. దేశంలో కొన్నాళ్లు రెండు సమయాలు నడిచాయి, చివరికి నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. యూటీసీలో భద్రపరిచిన సమావేశం ఇలాంటప్పుడు స్థానిక సమయం నుంచి గంట తప్పిపోతుంది. నగరం, స్థానిక సమయం భద్రపరిస్తే కొత్త నియమం అందగానే క్యాలెండర్ సరిచేసుకుంటుంది. అందుకే ఫోను అప్‌డేట్లు వాయిదా వేయకండి.

మిగతావి త్వరగా చెబుతాను. లండన్ ఏడాదంతా జీఎంటీలో (గ్రీనిచ్ సమయంలో) ఉండదు, వేసవిలో గంట ముందుంటుంది. అన్ని తేడాలూ పూర్తి గంటల్లో ఉండవు, నేపాల్ యూటీసీకి 5 గంటల 45 నిమిషాలు ముందు. "శుక్రవారం రాత్రి 12" అని ఎప్పుడూ రాయకండి. అది శుక్రవారం మొదలా, చివరా అని సగం మందికి అనుమానం వస్తుంది. రాత్రి 11:59 అనండి.

ఇక "అందరికీ అనుకూలమైన సమయం వెతికితే దొరుకుతుంది" అనేవారికి: శాన్ ఫ్రాన్సిస్కో, లండన్, సిడ్నీల పనిగంటలు తొమ్మిది నుంచి ఐదు అనుకుని లెక్క వేయండి. జూలైలో ఆ మూడింటికీ కలిసే ఒక్క గంట కూడా లేదు. ఎవరో ఒకరు పనిగంటలు దాటి కూర్చోవాల్సిందే. నా జట్లలో ఆ వంతు నెలనెలా మారుతుంది. ఈ నెల సిడ్నీవారు మేలుకుంటే వచ్చే నెల లండన్‌వారు, ఆ తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోవారు. వంతుల పట్టికను ఏడాది మొదట్లోనే అందరికీ పంపుతాను, మేనేజర్ల పేర్లు కూడా అందులో ఉంటాయి.