మెదడులో ఇన్‌ఫ్లమేషన్, మతిమరుపు: అపోహలు - వాస్తవాలు

పెద్దవాళ్లను న్యూరాలజీ ఓపీకి తీసుకొచ్చేవాళ్లలో కొందరు ఈమధ్య "మెదడులో ఇన్‌ఫ్లమేషన్ ఉందేమో చూడండి డాక్టర్" అంటున్నారు. ఇన్‌ఫ్లమేషన్ అంటే దెబ్బకో ఇన్ఫెక్షన్‌కో ఒంట్లోని రక్షణ వ్యవస్థ స్పందించడం. అడగాల్సిన ప్రశ్నే. కానీ దాని చుట్టూ అల్లుకున్న నమ్మకాల్లో కొన్ని నిజంగా కీడు చేస్తున్నాయి. జ్వరం, ఫిట్స్‌తో ఉన్నట్టుండి వచ్చే మెదడువాపు వ్యాధి వేరు. నేను రాస్తున్నది నొప్పీ జ్వరమూ లేకుండా ఏళ్ల తరబడి లోలోపల సాగే ఇన్‌ఫ్లమేషన్ గురించి.

అపోహ: ఇన్‌ఫ్లమేషన్ అంటేనే చెడు. మాత్రలతో అణిచేస్తే మతిమరుపు రాదు.

వాస్తవం: మెదడుకు సొంత కాపలా కణాలున్నాయి. వాటిని మైక్రోగ్లియా అంటాం. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఒర్తేగా వీటిని గుర్తించి వర్ణించారు. చనిపోయిన కణాలనూ, పేరుకుపోయే అమైలాయిడ్ ప్రొటీన్‌నూ ఇవి మింగేసి శుభ్రం చేస్తాయి. వయసు పైబడేకొద్దీ చిన్న కారణానికే రెచ్చిపోతాయి, ఒకసారి రెచ్చిపోతే తొందరగా చల్లబడవు. సైటోకైన్లనే రసాయనాలను వదులుతూనే ఉంటాయి. శుభ్రం చేసే పని మందగిస్తుంది, బాగున్న నాడీకణాల మధ్య కనెక్షన్లు కూడా దెబ్బతింటాయి.

అలాగని వీటిని పూర్తిగా అణిచేయడమూ మంచిది కాదు. ఇవి సరిగ్గా పనిచేయడానికి ట్రెమ్2 అనే జన్యువు కావాలి. అందులో కొన్ని మార్పులు ఉన్నవాళ్లకు మతిమరుపు జబ్బయిన అల్జీమర్స్ ముప్పు ఎక్కువని 2013లో తేలింది.

మాత్రలతోనూ ప్రయత్నించి చూశారు. అమెరికాలో జరిగిన అడాప్ట్ ట్రయల్‌లో, కుటుంబంలో అల్జీమర్స్ ఉన్న 70 ఏళ్లు, ఆపైబడిన సుమారు 2,500 మందిని చేర్చుకుని, ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే పెయిన్‌కిల్లర్లలో కొందరికి నాప్రోక్సెన్, కొందరికి సెలెకాక్సిబ్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. గుండెకు ప్రమాదమన్న ఆందోళనతో 2004 డిసెంబర్‌లో మందులు ఆపేశారు. ఆ మందులు అల్జీమర్స్‌ను అడ్డుకున్నట్టు కనబడలేదు. కాబట్టి జ్ఞాపకశక్తి కోసమని పెయిన్‌కిల్లర్లు రోజూ వేసుకోకండి. ఆ వయసులో కిడ్నీలు, కడుపు తట్టుకోలేవు.

అపోహ: రక్తపరీక్ష, స్కాన్ చేయిస్తే తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. రక్తపరీక్షలో చూసే సీఆర్‌పీ అనే ప్రొటీన్ పెరిగితే ఒంట్లో ఎక్కడో ఇన్‌ఫ్లమేషన్ ఉందని మాత్రమే అర్థం. ఈ రకం ఇన్‌ఫ్లమేషన్ మామూలు ఎంఆర్‌ఐలో కనబడదు. మేం ఎంఆర్‌ఐ రాసేది పాత స్ట్రోక్, కణితి, నీరు చేరడం లాంటివి ఉన్నాయేమో చూడడానికి.

అపోహ: ఒంటికి వచ్చిన జబ్బుకీ మెదడుకీ సంబంధం లేదు.

వాస్తవం: ఈ అపోహ దగ్గరే నాకు ఎక్కువ టెన్షన్. "నిన్నటిదాకా బాగానే ఉన్నారు డాక్టర్, రాత్రి నుంచి ఎవరినీ గుర్తుపట్టడం లేదు, లేని మనుషులతో మాట్లాడుతున్నారు" అని చెబుతారు. చూస్తే మూత్రంలో ఇన్ఫెక్షనో న్యుమోనియానో ఉంటుంది. పెద్దవయసులో జ్వరం కూడా లేకపోవచ్చు. ఇన్ఫెక్షన్‌తో ఒంట్లో పుట్టిన సైటోకైన్ల ప్రభావం మెదడుదాకా వెళ్లి, అప్పటికే చిరాకుగా ఉన్న మైక్రోగ్లియాను ఎగదోస్తుంది. ఇలా ఉన్నట్టుండి వచ్చే తికమకను డెలీరియం అంటారు. గంటల్లో, రోజుల్లో వచ్చిపడే తికమక వయసు వల్ల రాదు. అది ఎమర్జెన్సీ, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. డెలీరియం వచ్చిపోయినవాళ్లకు తర్వాత డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) ముప్పు కూడా ఎక్కువే, అందుకే కోలుకున్నాక కూడా కనిపెట్టి ఉండాలి.

అదుపులో లేని షుగర్, బీపీ, ఊబకాయం, పొగతాగడం ఇంత హడావుడి చేయవు. కానీ రక్తనాళాలనూ మెదడునూ ఏళ్ల తరబడి దెబ్బతీస్తూనే ఉంటాయి.

అపోహ: వయసు మీద పడ్డాక చేసేదేమీ లేదు.

వాస్తవం: పేరు కాసేపు గుర్తురాకపోవడం వయసుతో వచ్చేదే. అడిగిన సంగతే మరిచిపోయి పది నిమిషాల్లో అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడగడం, ఏళ్లుగా చూసుకున్న ఇంటి లెక్కలు తప్పడం వయసుతో వచ్చేవి కావు. మార్చుకోగల 14 కారణాలను సరిచేస్తే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించడమో వాయిదా వేయడమో వీలవుతుందని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల కమిషన్ అంచనా వేసింది. వినికిడి లోపం, చూపు తగ్గడం, చెడు కొలెస్ట్రాల్ కూడా అందులో ఉన్నాయి. పై బీపీని 120 లోపు ఉంచే లక్ష్యంతో గట్టిగా వైద్యం చేసినప్పుడు తేలికపాటి జ్ఞాపకశక్తి లోపం వచ్చే ముప్పు తగ్గిందని 2019లో స్ప్రింట్ మైండ్ అధ్యయనం చూపింది. అయితే ఎవరి బీపీ ఎంతకు దించాలన్నది వాళ్ల డాక్టరే చెప్పాలి. లేచి నిలబడితే కళ్లు తిరిగేవాళ్లకు అంత తగ్గించలేం.

మతిమరుపుకు చూపించుకోవడానికి వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని తీసుకురండి. నిద్రమాత్రలు, డైఫెన్‌హైడ్రమిన్ లాంటి పాతరకం అలర్జీ మాత్రలు కూడా మతిని మసకబార్చగలవు. బీ12, థైరాయిడ్ పరీక్షల రిపోర్టులుంటే అవీ తెండి, లేకపోతే ముందు అవే రాస్తాం.